చెల్లెలి ఊరి నల్లా

నిన్న పొద్దున మా ఊరి కోట్వార్ బజారు మొగలో నిలబడి డప్పు వాయించాడు. సర్కారు కబుర్లను ఊరికి చేరవేసే మనిషిని ఇక్కడ కోట్వార్ అంటారు. పెద్ద లెక్క వస్తోందట, మనుషుల లెక్క. ఎవరూ ఇళ్ళకు తాళాలు పెట్టి పోవద్దట, అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పాలట. ఈ మాటే అతడు ముందు హిందీలో అన్నాడు, తర్వాత గోండీలో అన్నాడు, ఆపైన ఇక్కడి దొర్ల గిరిజనుల దొర్లీలో అన్నాడు. చివరికి మా కిరాణా దుకాణం వైపు తిరిగి, మా ఒక్క ఇంటికోసం, "సేటమ్మా, ఇన్నవా? జనగణనంట. అందరు ఇంటికాడ ఉండాల్నంట" అని తెలుగులో ముగించాడు. చింతపండులోంచి గింజలు తీస్తున్నదాన్ని చెయ్యి ఆపాను. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మా ఆయన కళ్ళజోడు పైనుంచి నన్నొక చూపు చూసి, "ఇగ మొదలు" అన్నాడు. ఆ మాట కోట్వార్ని కాదు, నన్ను. జనగణన అన్న మాట చెవినబడితే నాకు జనం గుర్తుకు రారు, మా చెల్లెలు గుర్తుకొస్తుంది. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి ఆ మాత్రం తెలియకుండా ఉంటుందా?

మా చెల్లెలికి ఏమైందోనని కంగారు పడకండి. వాగుకు అవతలి ఊళ్ళో నిక్షేపంలా ఉంది. మా తాత భద్రాచలం వైపు నుంచి ఎద్దుబండి మీద ఉప్పూ బట్టలూ వేసుకుని సరిహద్దు దాటి ఈ అడవిలోకి అమ్ముకోవడానికొచ్చి, తిరిగిపోవడం మరిచిపోయి కోంటాలో ఉండిపోయాడు. అక్కడే పుట్టాం మేమిద్దరం. నన్ను వాగుకి ఇవతలి దుకాణదారు కొడుక్కీ, దాన్ని అవతలి దుకాణదారు కొడుక్కీ ఇచ్చారు. వయసులో నాకంటే చిన్నదేగానీ అన్నింట్లోనూ నాకంటే ముందే. నేను మల్లెతీగ నాటితే అది దాని గది కిటికీ వైపు పాకి అక్కడ పూసేది. నేను నెలరోజులు అలిగినా రాని కమ్మలు, అది జ్వరమొచ్చి పడుకుంటే అడక్కుండానే వచ్చాయి. మా అమ్మ దాన్ని చూసి, "కలిసొచ్చే కాలానికి నడిచొచ్చే కొడుకు పుడతాడు" అని మురిసిపోయేది. మరి నాకు కలిసిరాని కాలాన్ని ఎవరు కన్నారమ్మా అని అడగాలనిపించేది, ఎన్నడూ అడగలేదు. పెళ్ళయ్యాక మాత్రం కొన్నాళ్ళు నా మనసు కుదుటపడింది. రెండూ ఒకలాంటి ఊళ్ళే, ఒకలాంటి దుకాణాలే, ఇద్దరు మొగుళ్ళూ ఒకలాంటి పిసినారులే. అన్నిటికీ మించి ఇద్దరివీ ఒకలాంటి నీళ్ళే.

ఆ నీళ్ళ గురించి చెప్పాలి. మా వైపు బోరింగ్ కొడితే నీళ్ళు తెల్లగానే పడతాయి, బిందెలో కాసేపు నిలిచాయంటే ఎర్రబడతాయి. నేలలో ఇనుము ఉంది మరి. కిరందుల్, బచేలి కొండల్లోని ఇనుము దర్జాగా రైలెక్కి ఎక్కడెక్కడికో పోతుంది. మా ఊరి ఇనుముకు ఆ యోగం లేదు, అది తిన్నగా మా బిందెల్లోకి వస్తుంది. ఆ నీళ్ళతో వండిన అన్నం మట్టిరంగులో ఉంటుంది. తెల్లపంచె నాలుగు ఉతుకులకు చాయ్‌లో ముంచి తీసినట్టవుతుంది. ఇక చాయ్ పెడితే పాలు పోసినా నల్లగానే ఉంటుంది, అడుగున సిరాలాంటిది పేరుకుంటుంది. బయటినుంచి వచ్చిన లారీ డ్రైవర్లు మా దుకాణం ముందు ఒక గుక్క తాగి, గ్లాసులోకి ఒకసారీ నా మొహంలోకి ఒకసారీ చూసేవాళ్ళు. చెల్లెలి దుకాణంలోనూ ఇదే తంతు. ఇద్దరి చీరలూ ఒకే రంగుకు తిరిగినంతకాలం నాకు రాత్రిళ్ళు నిద్ర బాగా పట్టేది.

కిందటి పెద్ద లెక్క వచ్చి నా నిద్ర చెడగొట్టింది. వరి కోతలయ్యాక మా వైపు జనం మిర్చి ఏరడానికి తెలంగాణ వెళ్ళిపోతారు. మరైగూడ రోడ్డు మీద సంధ్యవేళ నిలబడితే ఒకటే ట్రాక్టర్లు. గంపలూ గిన్నెలూ చంటిపిల్లలూ కోళ్ళూ, సగం ఊరు వాటిమీదే ఉంటుంది. ఎండలు ముదిరాక గానీ తిరిగి రారు. సరిగ్గా ఆ రోజుల్లోనే లెక్క రాసే గురూజీ వచ్చాడు. దూరపు బడిలో పంతులు, మంచివాడే, మా అరుగుమీద కూర్చుని నా నల్ల చాయ్‌ని మొహం చిట్లించకుండా తాగిన ఒకే ఒక్క సర్కారు మనిషి. ఇక్కడొక ఆనవాయితీ ఉంది. మా వైపు ఎవరినీ "మీ ఇంట్లో ఎంతమంది" అని అడగరు. అడిగితే పెళ్ళయి వెళ్ళిపోయిన కూతుళ్ళనూ, వేరుపడిన తమ్ముళ్ళనూ, పోయిన పెద్దలను కూడా కలిపి చెబుతారు, ఎందుకంటే వాళ్ళ దృష్టిలో వాళ్ళంతా ఆ ఇంటివాళ్ళే. అందుకని వేట పంచేటప్పుడైనా విందుకు పిలిచేటప్పుడైనా, "ఇయ్యాల కుండల ఎంతమందికి పోసినవ్?" అని అడుగుతారు. కుండ అబద్ధం చెప్పదు. గురూజీ కూడా అలాగే అడిగాడు. మా ఊళ్ళో గడప గడపకూ ఒక ముసలావిడా ఒక కోడీ మిగిలారు. "నాకొక్కదానికే పోసిన" అని ముసలమ్మలు ఉన్నదున్నట్టు చెప్పారు. గురూజీ ఉన్నదున్నట్టు రాశాడు.

మర్నాడు అతడు వాగు దాటి మా చెల్లెలి ఊరికి వెళ్ళాడు. ఆ వారం వాళ్ళ మడై, అంటే ఊరి దేవర జాతర. మడైకి చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదిలి వస్తాయి, మనుషులే కాదు, ఆ ఊళ్ళ దేవతలు కూడా భుజాలమీద ఊరేగుతూ చుట్టపుచూపుగా వస్తారు. వాళ్ళ మిర్చి కూలీలు ఒక్కరు తప్పకుండా వచ్చేశారు, వాళ్ళతో మేనమామలూ మేనత్తలూ వియ్యంకులూ వచ్చారు. ఏ ఇంట చూసినా పొయ్యిమీద పెద్ద డేగిసా. "ఇయ్యాల కుండల ఎంతమందికి?" అని గురూజీ అడిగాడు, వాళ్ళూ ఉన్నదున్నట్టే చెప్పారు. ఎవరూ మోసం చేయలేదు, అదే నా ఏడుపు. మోసం చేసి ఉంటే తిట్టుకుని సుఖపడేదాన్ని.

ఆ తర్వాత మెల్లమెల్లగా తేడా కనబడసాగింది. అవతలి ఊళ్ళో సిమెంటు రోడ్డు పడింది. తర్వాత పంచాయతీ భవనం లేచింది, దానికి గులాబీరంగు. తర్వాత దారిపొడుగునా సోలార్ దీపాలు వెలిగాయి. మా వైపు మాత్రం బోరింగ్‌కు కొత్త పిడి వేశారు. అప్పటికి నేను బజారు వార్డుకు పంచ్‌ని, అంటే పంచాయతీ మెంబర్ని, మొన్నటిదాకా తక్కెడ పట్టుకున్న చేత్తో సంతకాలు పెడుతున్నదాన్ని. గ్రామసభలో లేచి నిలబడి, ఈ సవతితల్లి ప్రేమ ఏంటని పంచాయతీ సచివ్‌ని, అంటే కార్యదర్శిని, నిలదీశాను. ఆయన ఓపిగ్గా చెప్పాడు. పంచాయతీకి పైనుంచి వచ్చే డబ్బు ఊరి జనాభాను బట్టి వస్తుంది. ఎన్ని తలలుంటే అంత డబ్బు. మళ్ళీ పెద్ద లెక్క జరిగేదాకా పాత లెక్కే లెక్క. మా సర్పంచ్ దొర్ల మనిషి, నాకు వరసకు వదిన కాదుగానీ ఊళ్ళో అందరం అలాగే పిలుచుకుంటాం. ఆమె పక్కకు వంగి, "ఏందిది సేటమ్మా? మిర్చి తోటల ఉన్న మన తలలు ఏ ఊళ్ళె పడ్డయి మరి?" అంది. ఎక్కడ పడ్డాయో దేవుడికెరుక. తెలంగాణలో ఏదో ఊరు మా వాళ్ళ తలల మీద మురుగు మోరీలు కట్టుకుని ఉంటుందని తలుచుకుంటే, ఎన్నడూ చూడని ఆ ఊరిమీద కూడా నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇదంతా ఒక ఎత్తు, టంకీ ఒక ఎత్తు. చెల్లెలి ఊళ్ళో ఎర్రదనం పట్టేసే ఫిల్టరుతో సహా నీళ్ళ టంకీ కట్టారు, ఇంటింటికీ నల్లా ఇచ్చారు. "అక్కా, నల్లా మొదలుపెడుతుండ్రు, నువ్వు రాకుంటే నేను తిప్ప" అని కబురు పెట్టింది. వెళ్ళాను, వెళ్ళక చస్తానా! వాళ్ళ పెరట్లో కుంకుమబొట్టు పెట్టిన నల్లా తిప్పింది. నీళ్ళు పడ్డాయి. గంట గడిచినా బిందెలో తెల్లగానే ఉన్నాయి. నేను మాటల మధ్యలో నాలుగుసార్లు లేచి వెళ్ళి చూశాను, ఎర్రబడతాయేమోనని. ఎర్రబడలేదు. తర్వాత నెలలో వెళితే దాని పెరట్లో ఆరేసిన చీరలు కొంగల బారులా ఉన్నాయి. దాని మొగుడి పంచె చూస్తే కళ్ళు చెదిరాయి. ఆ పిసినారి మొహం కూడా తెల్లబడ్డట్టనిపించింది. పోయేటప్పుడు రెండు క్యాన్ల నీళ్ళు నింపి, "బావకు వంటకు పనికొస్తయక్కా" అంటూ బండిలో పెట్టింది. కళ్ళలో నిప్పులు పోసుకోవడం అంటారే, నేను ఆ రోజు నీళ్ళు పోసుకున్నాను, అవీ అంతే మండాయి. ఇంటికొచ్చి ఆ నీళ్ళతో వంట చేయలేదు. మా ఆయన అడిగితే క్యాను కారిపోయిందన్నాను.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. మా పెద్దవాడికి సంబంధాలు చూస్తున్న రోజులు. భోపాల్‌పట్నం నుంచి మా వాళ్ళే, దుకాణదారులే, పిల్లనూ వెంటబెట్టుకుని ఇల్లు చూడవచ్చారు. పిల్ల చక్కగా ఉంది, నవ్వితే బుగ్గన సొట్ట. నేను మనసులో పెళ్ళి చేసేశాను. చాయ్ ఇచ్చాను. పిల్ల తల్లి గ్లాసు వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసింది. చేతులు కడుక్కుంటానని పెరట్లోకి వెళ్ళి, ఎర్రగా గారకట్టిన తొట్టి చూసి వచ్చింది. తిరిగి పోతూ పోతూ, ఎలాగూ చుట్టాలే కదా అని మా చెల్లెలి ఇంట్లో దిగారు. పిల్ల ఆ నల్లా కింద మొహం కడుక్కుందట. నెల తిరక్కుండా ఆ పిల్లకు మా చెల్లెలి కొడుకుతో జాతకం కుదిరింది. "ఎర్రనీళ్ళ ఊరికి పిల్లనియ్యం" అని వాళ్ళన్నమాట నాకు నాలుగు నోళ్ళు తిరిగి చేరింది. చెల్లెలు స్వయంగా నడిచొచ్చి, నా పక్కన కూర్చుని, "అక్కా, నువ్వు వద్దంటే వద్దు. నా కొడుక్కు ఇంకో పిల్ల దొరుకతది" అంది. చూశారా దాని తెలివి! వద్దనే బరువు కూడా నా నెత్తినే పెట్టింది. నేను అంతకంటే పెద్దమనిషినని చూపించుకోవాలి కదా, "చేసుకోవే, నాకేంది" అన్నాను. ఆ పెళ్ళిలో దవడలు నొప్పెట్టేదాకా నవ్వాను. మావాడు పెళ్ళిపందిట్లో మంచినీళ్ళు పంచుతుంటే మాత్రం అటు చూడలేకపోయాను. ఆ తర్వాత వచ్చిన సంబంధాలూ గ్లాసు దగ్గరే తిరిగిపోయాయి. మా ఊళ్ళో నల్లా తిరిగితే తప్ప మావాడికి మూడుముళ్ళు పడవని నాకు అర్థమైపోయింది.

కొన్నేళ్ళకు నల్లాల సర్వే వస్తోందని సచివ్ చెప్పాడు. పెద్ద లెక్క కాదు, టంకీ ఏ ఊళ్ళో కట్టాలో చూసే చిన్న లెక్క. తాళం వేసిన ఇంటిని వదిలేస్తారట. ఎప్పుడంటే, మళ్ళీ మిర్చి రోజుల్లోనే! నేను పరుగెత్తుకుంటూ సర్పంచ్ వదిన దగ్గరికి పోయి, ఈసారి ఎవరినీ పోనివ్వొద్దని బతిమాలాను. ఆమె వడ్లు ఎండబోస్తూ, "మిర్చికి పోకుంటే ఏడాదంత ఏం తింటరు? నీ కొడుకు పెండ్లికి ఊరంత పస్తుండాల్నా?" అంది. ఆమె అన్నదాంట్లో తప్పేముంది? తిరిగి వస్తుంటే దారిలో తట్టింది. ఈ జనం సర్కారు పిలిస్తే రారు, పెళ్ళాం పిలిచినా రారేమో గానీ, సొంతూరి మడై అంటే ఏ తోటలో ఉన్నా గంప కింద పెట్టి వచ్చేస్తారు. మా మడై అందరూ తిరిగొచ్చాక ఎండల్లో జరుగుతుంది. దాన్ని సర్వే రోజులకు జరిపితే? తెల్లకోడిని పట్టుకుని పూజారి ఇంటికి వెళ్ళాను. పూజారి నా మాట విని చుట్ట వెలిగించాడు. "దేవర ఒప్పుకోవాలె గద. ముందుగాల ఎందుకు లేపినవ్ అంటే నేనేం జెప్పాలె?" అన్నాడు. నేను నోరు తెరిచే లోపల తనే మళ్ళీ అందుకున్నాడు. "మన దేవర అక్క, వాగవతలి దేవర చెల్లె. ఆ దేవరకు తెల్లటి నీళ్ళతోటి తానం, తెల్లటి బట్ట. మనం ఈమెకు ఎర్రనీళ్ళే పోస్తున్నం. అక్కకు మాత్రం కడుపు మండదా?" అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇన్నాళ్ళూ లోకంలో నేనొక్కదాన్నే ఇలాంటిదాన్ననుకున్నాను. దేవర ఒప్పుకుంది. తెల్లకోడిని కూడా ఒప్పుకుంది.

మడై జరిగింది. మిర్చి తోటల నుంచి ట్రాక్టర్లు వెనక్కి వచ్చాయి, వేళ్ళకు ఇంకా మంట వదలని జనం డోళ్ళ ముందు ఆడారు. వాగవతలి దేవర కూడా అక్కను చూడవచ్చింది, ఆమె వెనక వాళ్ళ ఊరు మొత్తం వచ్చింది. మా చెల్లెలు కొడుకునూ కోడలినీ, ఆ సొట్టబుగ్గల పిల్లనే, వెంటబెట్టుకుని మా ఇంట్లో దిగింది. మా పొయ్యిమీద కూడా డేగిసా ఎక్కింది. సర్వే అబ్బాయి మా అరుగెక్కి హిందీలో ఎంతమంది అని అడిగాడు. నేను చుట్టాలనూ కలిపి చెప్పబోతున్నాను. అంతలో చెల్లెలు చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చి, "నన్ను గూడ ఈ ఇంటిమీదనే రాయి బాబూ, నా కొడుకునూ కోడలిని గూడ. ఇయ్యాల మా అక్క కుండలనే తిన్నం" అంది. అరుగుమీద ఉన్నవాళ్ళంతా దాన్ని చూసి ఎంతటి మనసు, ఎంతటి మనసు అన్నారు. సర్పంచ్ వదిన దాని చెయ్యి పట్టుకుని కళ్ళొత్తుకుంది. అబ్బాయి దాని ఆధార్ అడిగి టాబ్లెట్‌లో కొట్టి, ఊరు వేరే ఉంది, ఎక్కదు అన్నాడు. ఒక్క చుట్టమూ ఎక్కలేదు. తిరిగొచ్చిన మా సొంత జనం ఎక్కారు, మా టంకీకి అదే సరిపోయింది. అంటే ఏమిటి? మా చెల్లెలు ఇచ్చింది ఏమీ లేదు. దాని తల దాని ఊళ్ళోనే ఉంది, పేరు మాత్రం మా ఊరి నిండా మోగింది. మడై జరిపించింది నేను, కోడిని మోసింది నేను, నెలంతా అందరూ చెప్పుకున్నది దాని గురించి! ఇవ్వడంలో కూడా అది నాకంటే ముందే లేచి నిలబడింది. ఆ రాత్రి వంటిల్లు సర్దుతూ మా ఆయనతో అంటే, "అది ఇస్తనన్నది గద, నువ్వెన్నడన్న అన్నవా?" అన్నాడు. మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

టంకీ వచ్చింది, నల్లా వచ్చింది, మావాడికి చింతలనార్ దుకాణదారుల ఇంటి నుంచి పిల్ల వచ్చింది. బంగారంలాంటి పిల్ల, బుగ్గన సొట్ట లేకపోతే ఏం? ఇప్పుడు నా చీరలూ తెల్లగానే ఆరుతున్నాయి. ఇక మండటానికి ఏముందని మీరడగవచ్చు. నిన్న కోట్వార్ వెళ్ళిన కాసేపటికి చెల్లెలు ఫోన్ చేసింది. వాళ్ళ టంకీ మోటారు కాలిపోయి, ఈ ఏటి పంచాయతీ డబ్బు అప్పటికే ఖర్చయి బాగుచేయలేక, నల్లా రావడం లేదట. కుర్రాళ్ళంతా పనులకని నగర్‌నార్ వైపు కొందరూ హైదరాబాద్ వైపు కొందరూ పోయారట. "ఈసారి లెక్కల మా ఊరు సగమైతదక్కా. మళ్ళ బోరింగ్ నీళ్ళే తాగుతున్నం" అంది. దానికి కష్టమని తెలిసి నాకు ముందు బెల్లం ముక్క నోట్లో వేసుకున్నంత తియ్యగా ఉంది, దాచడమెందుకు? ఆ తీపి ఫోన్ పెట్టేదాకా కూడా నిలవలేదు. అది నన్ను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే కాదనేదాన్నేమో.

సచివ్‌ని పిలిచి కనుక్కున్నాను. పెద్ద లెక్కకు ఆధార్ ఊరితో పనిలేదట, ఆ రోజుల్లో ఎక్కడ ఉంటున్నామని చెబితే అక్కడే రాస్తారట. అంటే ఈసారి ఇస్తే నిజంగానే ఇచ్చినట్టు. రాత్రి అన్నాల దగ్గర, లెక్క నడిచినన్నాళ్ళూ మనిద్దరం చెల్లెలి ఇంట్లో ఉందామని మా ఆయనతో చెప్పాను. "రెండు ముసలి తలలకు మోటారు వస్తదా?" అని నవ్వాడు. పొద్దున సర్పంచ్ వదిన విని, "మన తలలు ఆళ్ళకిస్తవా సేటమ్మా, నీకేమన్న పిచ్చా?" అని దుకాణం ముందే గొడవ పెట్టుకుంది. పెట్టుకోనివ్వండి. బట్టల సంచి సర్దేశాను, చెల్లెలికి చెప్పకుండా వెళ్ళి దాని గడపలో నిలబడతాను. లెక్క రాసేవాడు వచ్చినప్పుడు అది వంటింట్లోంచి బయటికొచ్చి నోరు తెరిచేలోగా, నేనే ముందు చెప్పాలి. ఈ పెద్ద లెక్క మళ్ళీ ఎప్పటికో గానీ రాదు, అప్పటిదాకా మేమిద్దరం ఉంటామన్న నమ్మకం నాకు లేదు. దానిమీద ఒక్కసారైనా గెలవాలంటే ఇదే ఆఖరు.